ఎన్జీ రంగా: ఎన్ని పార్టీలు మారినా ఒకే రైతు

ఇందిరాగాంధీ హత్య తర్వాత 1984 డిసెంబరులో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఒక గాలి వీస్తే, ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో గాలి వీచింది. రాష్ట్రంలోని 42 స్థానాల్లో తెలుగుదేశం 30 గెలుచుకుంది. కాంగ్రెస్‌కు దక్కినవి ఆరే. ఆ ఆరింటిలో గుంటూరు ఒకటి. అక్కడ గెలిచిన అభ్యర్థికి అప్పటికి 84 ఏళ్లు. కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన ఆ పెద్దమనిషి, పాతికేళ్ల కిందట అదే కాంగ్రెస్‌ను గద్దె దింపడానికి దేశవ్యాప్త పార్టీకి అధ్యక్షుడిగా ఊరూరా తిరిగారు. దానికంటే ముందు మరో పార్టీ కూడా పెట్టారు. ఆచార్య ఎన్జీ రంగా రాజకీయ జీవితం గురించి ఎవరు మాట్లాడినా ఈ చిక్కుముడి దగ్గర కాసేపు ఆగాల్సిందే.

ఇప్పటి తరానికి రంగా అంటే వ్యవసాయ విశ్వవిద్యాలయం బోర్డు మీది పేరు. కొంచెం పెద్దవాళ్లకు, అత్యధిక కాలం పార్లమెంటు సభ్యుడిగా ఉండి గిన్నిస్ బుక్‌లోకి ఎక్కిన వృద్ధనేత. పార్టీలు మారడం మన రాజకీయాల్లో విడ్డూరమేమీ కాదు. అందుకే ఆయన ఎన్నిసార్లు మారారన్న లెక్క కన్నా, మారిన ప్రతిసారీ వెంట ఏం తీసుకెళ్లారు, దేన్ని వదిలేశారు అన్నదే ఆసక్తికరం.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న నిడుబ్రోలులో పుట్టారు. ఇప్పుడు పొన్నూరులో కలిసిపోయిన ఊరది. రైల్వేస్టేషన్ మాత్రం ఇంకా ఆ పేరుతోనే ఉంది. గుంటూరు జిల్లా ఏర్పడటానికి అప్పటికింకా నాలుగేళ్లుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా కాలువల నీళ్లు పారిన డెల్టా ఊళ్లలో వరి పండించే కుటుంబాలు నిలదొక్కుకున్నాయి, పిల్లల్ని చదువులకు పంపడం మొదలుపెట్టాయి. రంగా అలాంటి ఒక రైతు కుటుంబంలో పుట్టారు.

ఈ ప్రాంతంలో ఎక్కువగా ఉన్నది రైతువారీ పద్ధతి. అంటే భూమి పట్టా రైతు పేరున ఉంటుంది, శిస్తు నేరుగా సర్కారుకు కడతాడు. మధ్యలో జమీందారు ఉండడు. ఉత్తర సర్కారుల్లో, నెల్లూరు వైపు వెంకటగిరి లాంటి చోట్ల పరిస్థితి వేరు. అక్కడ రైతు దున్నుతాడు, జమీందారు వసూలు చేస్తాడు, అడవిలో కట్టెపుల్ల విరిచినా, పశువును మేతకు తోలినా దానికో లెక్క ఉంటుంది. నా పొలం, నా పట్టా అని చెప్పుకోగలిగే రైతు ఇంట్లో పుట్టినవాడు, అలా చెప్పుకోలేని రైతుల కోసం జైలుకు వెళ్లడంతో రంగా ప్రజాజీవితం నిజంగా మొదలైంది. చివరిదాకా ఆయన ఊహల్లోని రైతు మాత్రం ఆ మొదటి రకం రైతే.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివాక ఆయన ఇంగ్లండు వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి 1926లో బి.లిట్ పట్టా పుచ్చుకున్నారు. ఆయన అక్కడున్న రోజుల్లోనే, 1924 జనవరిలో, బ్రిటన్‌లో లేబర్ పార్టీ తొలిసారి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. సోషలిజం అన్న మాట అక్కడి చదువుకున్న కుర్రాళ్ల నోట నిత్యం నలుగుతున్న కాలం. చాలామంది భారతీయ విద్యార్థులు ఆ గాలిలోంచి ఫ్యాక్టరీ కార్మికుడి బొమ్మను మనసులో పెట్టుకుని తిరిగొచ్చారు. రంగా వేరే బొమ్మతో వచ్చారు. ఆయన తొలి రచనల్లో ఒకటి భారతీయ గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద. 1930లో వచ్చిన మరో పుస్తకం దక్షిణాది చేనేత మీద.

చేనేత పుస్తకం రాసిన మనిషే రైతు నాయకుడయ్యాడన్నది పైకి యాదృచ్ఛికంగా కనిపిస్తుంది. కానీ ఆయన ఆలోచనకు ముడి పడింది అక్కడే. మగ్గం నేతగాడిది. నాగలి, పొలం రైతువి. కుమ్మరి సారె, కమ్మరి కొలిమి కూడా అంతే. వీళ్లు ఒకరి దగ్గర జీతానికి చేరినవాళ్లు కారు, పదిమందిని జీతానికి పెట్టుకుని లాభాలు దండుకునేవాళ్లూ కారు. స్వయం ఉపాధి మీద బతికే ఈ కోట్ల మందిని పెట్టుబడిదారుల లెక్కలోనో కార్మికుల లెక్కలోనో వేయడం కుదరదని రంగా వాదన. ఆ తర్వాత ఆరు దశాబ్దాల్లో ఆయన జమీందారుతో తలపడినా, బ్రిటిష్ కలెక్టరుతో తలపడినా, కమ్యూనిస్టులతోనూ నెహ్రూతోనూ తలపడినా వాదన వెనుక ఉన్నది ఇదే.

ఇంగ్లండు నుంచి వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రం ఆచార్యుడిగా చేరారు. ఆచార్య అన్న మాట అప్పటి నుంచి ఆయన పేరుకు అతుక్కుపోయింది. 1930లో గాంధీ పిలుపు వచ్చేసరికి ఉద్యోగం పక్కన పెట్టి ఉద్యమంలోకి దిగారు. భార్య భారతీదేవి కూడా ఆ దారిలో ఆయన వెంట నడిచారు.

అవి రైతుకు గడ్డురోజులు. ప్రపంచ ఆర్థిక మాంద్యం దెబ్బకు ధాన్యం ధర సగానికి పడిపోయింది. అప్పులు మాత్రం తగ్గలేదు, వడ్డీలూ తగ్గలేదు. సరిగ్గా ఆ సమయంలోనే కృష్ణా, గోదావరి డెల్టాల్లో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున, అంటే 18.75 శాతం, పెంచాలని సర్కారు తలపెట్టింది. దీనిమీద వచ్చిన ఆందోళనలో రంగా ముందున్నారు. ఇంకోవైపు వెంకటగిరి జమీందారీలో అడవి, మేత హక్కుల కోసం రైతులు చేస్తున్న పోరాటానికి వెన్నుదన్నుగా నిలిచారు, జైలు పాలయ్యారు. సొంత ఊరు నిడుబ్రోలులో 1933లో రైతాంగ విద్యాలయం పెట్టారు. పొలం పనులు చేసుకునే యువకులకు అర్థశాస్త్రం, రాజకీయాలు, చట్టాలు నేర్పి ఊళ్లలో కార్యకర్తలుగా పంపడం దాని ఉద్దేశం. ఆక్స్‌ఫర్డ్‌లో నేర్చుకున్న చదువును నిడుబ్రోలులో పంచిపెట్టడమన్న మాట. ఆ తర్వాతి కాలంలో ఆంధ్రలో రైతు ఉద్యమాన్ని నడిపిన తరానికి ఇలాంటి బడులే పునాది వేశాయి.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు బీహార్ రైతు నాయకుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. అదే ఏడాది డిసెంబరులో ఫైజ్‌పూర్‌లో జరిగిన రెండో సమావేశానికి రంగాయే అధ్యక్షత వహించారు. ఆంధ్రలో సంఘం బలం ఎంతో 1938లో తెలిసింది. ఇచ్ఛాపురం నుంచి బయల్దేరిన రైతుల యాత్ర తొమ్మిది జిల్లాల మీదుగా 130 రోజులు నడిచింది. రెండువేల మందికి పైగా రైతులు పదిహేను వందల మైళ్లు నడిచారు. దారిపొడవునా సభలు పెట్టి, అర్జీలు పోగుచేసి, మార్చి 27న మద్రాసు శాసనసభకు అందజేశారు. అప్పుల భారం తగ్గించాలన్నది వాటిలో ముఖ్యమైన కోరిక. ఆ ఏడాదే రాజాజీ మంత్రివర్గం రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది. రంగా, రాజాజీల పేర్లు ఒకే కథలోకి రావడం అప్పుడే మొదలైంది. అయితే అప్పట్లో ఒకరు అర్జీ పెట్టేవైపు, ఒకరు పుచ్చుకునేవైపు.

ఆ యాత్రలో, ఆ బడుల్లో రంగా పక్కన నడిచిన యువకుల్లో చాలామంది క్రమంగా కమ్యూనిస్టులయ్యారు. పుచ్చలపల్లి సుందరయ్య వాళ్లలో ప్రముఖుడు. కొన్నేళ్లు కలిసే పనిచేశారు. విడిపోవడానికి రెండో ప్రపంచయుద్ధం తక్షణ కారణం. 1942లో కమ్యూనిస్టులు యుద్ధాన్ని సమర్థించారు, రంగా కాంగ్రెస్‌తో నిలిచారు, కిసాన్ సభ వాళ్ల చేతుల్లోకి వెళ్లింది. కానీ యుద్ధం లేకపోయినా ఆ పొత్తు ఎంతోకాలం సాగేది కాదు. కమ్యూనిస్టులకు రైతు అంటే ఒక వర్గం కాదు. ధనిక రైతు, మధ్యతరగతి రైతు, పేద రైతు, అన్నింటికీ అడుగున కూలీ. రంగాకు ఆ విభజనే నచ్చదు. ఊళ్లో చీలిక తెచ్చి రైతును బలహీనపరిచే ఎత్తుగడగానే ఆయన దాన్ని చూశారు.

ఇక్కడే ఆయన వాదనలోని బలహీన స్థానం కూడా బయటపడుతుంది. మగ్గమూ లేక, నాగలీ లేక, రెండు చేతులు తప్ప మరేమీ లేని మనిషి సంగతేమిటి? కృష్ణా డెల్టాలో వరి నాట్లు వేసేది, కోతలు కోసేది చాలావరకు దళిత కూలీలే. రంగాకు ఇది తెలియదని కాదు. ఆయన నినాదమే రైతు కూలీ రాజ్యం. 1944లో గాంధీ జైలు నుంచి విడుదలయ్యాక ఆయనతో ఈ విషయం మీద సుదీర్ఘంగా చర్చించారు, ఆ చర్చలను పుస్తకంగానూ వేశారు. అయినా రైతు, కూలీ ఒకే పొలంలో ఎదురెదురుగా నిలబడ్డ రోజున, కూలిరేటు గురించో మిగులు భూమి గురించో తేల్చాల్సి వచ్చినప్పుడు రంగా మొగ్గు ఎటువైపో ఆయన కార్యక్రమమే చెబుతుంది. రైతు అన్న మాట దాంట్లో ఎప్పుడూ నిండుగా ఉంది. కూలీ అన్న మాట ఏళ్లు గడిచేకొద్దీ పలచబడింది.

స్వాతంత్ర్యం వచ్చింది. రంగా రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీలను రద్దు చేసింది. ఇరవై ఏళ్ల పోరాటం ఫలించినట్టే. కానీ పార్టీలో ఆయన పరిస్థితి మాత్రం బిగుసుకుంది. ఆంధ్ర కాంగ్రెస్ అప్పటికే ముఠాలుగా చీలి ఉంది. 1951 ఏప్రిల్‌లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో రంగా నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ వెంటనే కాంగ్రెస్‌కు రాజీనామా చేసి కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. దీనికి సిద్ధాంతం రంగు పూయాల్సిన పనేమీ లేదు. ఇది పదవి పోరులో ఓడిన నాయకుడి అలకే. అయితే ఆయన పెట్టిన పార్టీకి ఎంచుకున్న పేరు చూడండి, అందులోనూ కృషి చేసేవాడే ఉన్నాడు.

1952 ఎన్నికల్లో ఆ పార్టీకి మద్రాసు శాసనసభలో 15 స్థానాలు వచ్చాయి. రంగా రాజ్యసభకు వెళ్లారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఏడాది తిరిగేసరికి మద్యనిషేధం వివాదంలో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. 1955 మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చేస్తారన్న భయం కాంగ్రెస్‌ను పట్టుకుంది. అలిగి వెళ్లినవాళ్లందరికీ కబుర్లు వెళ్లాయి. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్కటై పోటీ చేశాయి. 196 స్థానాల సభలో ఈ కూటమికి 146 వచ్చాయి, అందులో రంగా పార్టీవి 22. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు పడినా సీట్లు 15తో ఆగిపోయాయి. పదిహేడేళ్ల కిందట రైతు యాత్రలో కలిసి నడిచినవాళ్లు ఈ ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు దుమ్మెత్తిపోసుకున్నారు. ఎన్నికల తర్వాత కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1957లో రంగా తెనాలి నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు వెళ్లారు, కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి అయ్యారు. అంతా సర్దుకున్నట్టే కనిపించింది.

నాగపూర్ తీర్మానం

1959 జనవరిలో నాగపూర్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఒక తీర్మానం చేసింది. దేశంలో వ్యవసాయం ముందుముందు ఉమ్మడి సహకార సేద్యంగా మారాలని, రైతులు తమ భూములను కలిపి సాగు చేయాలని, యాజమాన్య హక్కు ఉంటూనే పని, పంట పంచుకోవాలని దాని సారాంశం. దీని వెనుక ఉన్నది నెహ్రూ. చిన్న కమతాలతో దేశానికి తిండి పెట్టలేమన్నది ఆయన లెక్క.

రంగాకు ఇది పునాదినే కదిలించే మాట. హక్కు కాగితం మీద రైతుదే అంటారు, గట్లు చెరిపేశాక ఆ హక్కు దేనికి? ఏం విత్తాలో, ఎప్పుడు కోయాలో సంఘం కార్యదర్శి నిర్ణయిస్తే రైతు తన పొలంలోనే కూలీ అయిపోడా? మగ్గం నేతగాడి చేతిలోంచి పోతే అతను మిల్లు కార్మికుడవుతాడు. పొలం విషయంలోనూ అంతే. ముప్పై ఏళ్ల కిందటి వాదన ఇప్పుడు తన సొంత పార్టీకి ఎదురు తిరిగింది. ఉత్తరప్రదేశ్‌లో చరణ్‌సింగ్ కూడా ఈ తీర్మానాన్ని గట్టిగా వ్యతిరేకించారు గానీ అప్పటికి పార్టీలోనే ఉండిపోయారు. రంగా కార్యదర్శి పదవికి రాజీనామా చేసి బయటకు వచ్చేశారు. 1951 రాజీనామాతో పోలిస్తే ఇది వేరే రకం. ఈసారి ఆయన ఏ ఎన్నికలోనూ ఓడలేదు. పోగొట్టుకోవడానికి చేతిలో పదవి ఉంది, పోగొట్టుకున్నారు.

ఆ వేసవిలోనే మద్రాసులో రాజాజీ స్వతంత్ర పార్టీని ప్రకటించారు. ఆగస్టులో బొంబాయి సమావేశంతో పార్టీ రూపు దిద్దుకుంది. రాజాజీ మార్గదర్శి, మీనూ మసానీ ప్రధాన కార్యదర్శి, రంగా అధ్యక్షుడు. దాదాపు పదేళ్లు ఆ పదవిలో ఆయనే ఉన్నారు. బొంబాయి వ్యాపార వర్గాలకు దగ్గరైన మసానీ, మద్రాసు మేధావి రాజాజీ ఉన్న పార్టీకి పల్లెల్లో ముఖం కావాలి. ఆ ముఖం రంగా. రాజాజీ ఆయన్ని ముందు నిలబెట్టడంలో లెక్క ఉంది.

ఆ పార్టీలోకి ఇంకెవరు వచ్చారో చూస్తే మాత్రం రంగా పాత అనుచరులకు మింగుడు పడలేదు. బీహార్‌లో రామగఢ్ రాజా తన బలగంతో వచ్చారు. రాజస్థాన్‌లో జైపూర్ మహారాణి గాయత్రీదేవి చేరారు. ఒరిస్సాలో మాజీ సంస్థానాధీశుల గణతంత్ర పరిషత్ మొత్తంగా విలీనమైంది. సహజానంద సరస్వతితో కలిసి బీహార్ జమీందార్లకు వ్యతిరేకంగా కిసాన్ సభ కట్టిన మనిషి పార్టీలో రామగఢ్ రాజా! రంగా పక్షాన ఒక సమాధానం చెప్పొచ్చు. జమీందారీ చట్టంతో పోయింది, కోరలు ఊడిన రాజు రైతుకు ఏం చేయగలడు, రైతు మెడ మీద కూర్చునే శక్తి ఇప్పుడు సర్కారుదే గదా అని. తర్కంగా అది నిలబడుతుంది. కానీ వెంకటగిరి అడవిలో పశువులు మేపుకునే హక్కు కోసం దెబ్బలు తిన్న రైతు ఆ తర్కాన్ని ఎంతవరకు ఒప్పుకుంటాడన్నది వేరే ప్రశ్న.

1962 ఎన్నికల్లో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 18 స్థానాలు వచ్చాయి. సాధారణ ఎన్నికల్లో రంగా సభకు రాలేదు. అదే ఏడాది చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి వచ్చారు. ఆ సభలో ఆయన చేసిన పెద్ద పోరు 1964 నాటి 17వ రాజ్యాంగ సవరణ మీద. విషయం కొంచెం సాంకేతికం, కానీ రంగాకు ప్రాణం లాంటిది. జమీందారీల రద్దు కోసం రాజ్యాంగంలో పెట్టిన 31ఏ అధికరణ కింద ఎస్టేట్ అన్న మాటకు నిర్వచనం ఉంది. ఎస్టేట్ భూములను ప్రభుత్వం తీసుకుంటే ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టుకు వెళ్లడం కుదరదు. 17వ సవరణ ఆ నిర్వచనంలోకి రైతువారీ భూములను కూడా చేర్చింది. అంటే వెంకటగిరి రాజా వేల ఎకరాలూ, నిడుబ్రోలు రైతు పట్టా భూమీ చట్టం కళ్లకు ఒకటే అయ్యాయి. భూ పరిమితి చట్టాలు కోర్టుల్లో నిలవాలంటే ఇది తప్పదన్నది ప్రభుత్వ వాదన. 1961లో కేరళ చట్టం రైతువారీ భూముల విషయంలో సుప్రీంకోర్టులో దెబ్బతిన్న మాట నిజమే. అయితే పరిమితికి లోబడి సొంతంగా సాగు చేసుకుంటున్న భూమిని తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్న నిబంధన కూడా ఆ సవరణలోనే ఉంది. స్వయంగా దున్నుకునే రైతుకు రాజ్యాంగంలో దొరికిన అరుదైన రక్షణ అది. రంగా ఎదిరించిన సవరణలోనే రంగా రైతుకు ఒక కంచె పడింది.

సహకార సేద్యం సంగతేమైంది? నాగపూర్ తీర్మానం కాగితం దాటి పెద్దగా ముందుకు సాగలేదు. పల్లెల్లో దాన్ని అమలుచేయాల్సిన కాంగ్రెస్ నాయకులే భూములున్న రైతులు. స్వతంత్ర పార్టీ ప్రచారం వల్ల ఆగిందో, కాంగ్రెస్ లోపలి మౌనం వల్ల ఆగిందో విడదీసి చెప్పడం కష్టం. ఏదైనా గట్లు మాత్రం చెరిగిపోలేదు.

1967 స్వతంత్ర పార్టీకి ఉచ్ఛదశ. 44 స్థానాలతో లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమైంది. సభలో దానికి నాయకుడు రంగా. ఈసారి ఆయన గెలిచింది శ్రీకాకుళం నుంచి. గుంటూరు జిల్లా మనిషి అంత దూరం వెళ్లి గెలవడానికి కారణం సర్దార్ గౌతు లచ్చన్న. గీత కార్మికుల కుటుంబం నుంచి వచ్చి, ఉత్తరాంధ్ర వెనుకబడిన వర్గాల్లో తిరుగులేని నాయకుడైన లచ్చన్న తనను తాను రంగా శిష్యుడిగా చెప్పుకునేవారు. కృషికార్ లోక్ పార్టీలోనూ స్వతంత్ర పార్టీలోనూ గురువు వెంటే ఉన్నారు. రంగా రాజకీయాన్ని కేవలం డెల్టా కమ్మ రైతుల రాజకీయంగా కొట్టిపారేసేవాళ్లు ఈ లచ్చన్న దగ్గర కొంచెం తడబడతారు.

నాలుగేళ్లలో అంతా తారుమారైంది. 1971లో ఇందిరాగాంధీ ప్రభంజనంలో స్వతంత్ర పార్టీ ఎనిమిది స్థానాలకు కుంగింది. శ్రీకాకుళంలో రంగా ఓడారు. మరుసటి ఏడాది కాంగ్రెస్‌లో చేరిపోయారు. 1973లో ఆంధ్రప్రదేశ్‌లో భూ సంస్కరణల చట్టం వచ్చింది. మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని కుటుంబానికి పరిమితి పెట్టింది. 17వ సవరణ మీద సభలో అంత పోరాడిన మనిషి, ఈ చట్టం తెచ్చిన పార్టీలోనే ఉన్నారు. ఆయన జీవితంలో సమర్థించడానికి అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ఇదే. స్వతంత్ర పార్టీ కుప్పకూలింది, వయసు డెబ్బై దాటింది, సభ లేకుండా ఆయన ఉండలేరు. ఇంతకు మించి పెద్ద కారణం వెతకడం అనవసరం.

తర్వాతి ఇరవై ఏళ్లు పెద్దాయన హోదాలో గడిచాయి. కొంతకాలం రాజ్యసభ, ఆ తర్వాత 1980, 1984, 1989 ఎన్నికల్లో వరుసగా గుంటూరు నుంచి లోక్‌సభ. ధాన్యానికి గిట్టుబాటు ధర, ఎరువులు, అప్పులు, చేనేత, ఇవే ఆయన విషయాలు. 1991లో తొమ్మిదో లోక్‌సభ రద్దయ్యేదాకా సభ్యుడిగా ఉన్నారు. అదే ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది.

ఆయన ఏ రైతు కోసం వాదించారో ఆ రైతు ఇప్పుడు ఆ డెల్టాలో ఎక్కడున్నాడని అడిగితే జవాబు సూటిగా రాదు. ఆ కుటుంబాల్లో చాలా భాగం చదువులు, వ్యాపారాలు, విదేశాల బాట పట్టాయి. పట్టా వాళ్ల పేరునే ఉంది, నాగలి మాత్రం కౌలుదారు చేతిలో ఉంది. గట్లు చెరపలేదు, సహకార సంఘం రాలేదు, సర్కారు లాక్కోలేదు. అయినా భూమి సొంతదారు, దున్నేవాడు ఇద్దరు వేర్వేరు మనుషులైపోయారు. రంగా ఆ రెంటినీ విడదీయరానివిగా చూశారు. దున్నేవాడికి కనీసం బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం దక్కాలని 2011లో ఒకసారి, 2019లో ఇంకోసారి కౌలుదారుల కోసం చట్టాలు చేయాల్సి వచ్చింది. కౌలు కాగితం మీద సంతకం పెడితే పట్టా ఎక్కడ పోతుందోనన్న యజమాని భయం ఆ రెండు చట్టాలకూ అడ్డుపడింది.

రంగా 1995 జూన్ 9న కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక 2014లో హైదరాబాద్ వైపు భాగానికి ఆచార్య జయశంకర్ పేరు వచ్చింది. రంగా పేరు ఆంధ్ర వైపు భాగానికి మిగిలింది. దాని ప్రధాన కేంద్రం ఇప్పుడు గుంటూరు శివార్లలోని లాంలో ఉంది.